తలంటుకుని మళ్ళీ రాగలరు

కుంకుడుకాయ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆ ఫిబ్రవరే గుర్తొస్తుంది.

సూట్‌కేసులో పట్టే మెదడు స్కానింగ్ మిషన్‌తో కారంపూడి దగ్గర ఒక ఊరి సచివాలయానికి వెళ్ళాను. తలకు టోపీలా తొడిగితే మెదడు పని ల్యాప్‌టాప్‌లో గీతలుగా కనిపిస్తుంది. అంతవరకూ మా పరిశోధనలో ఉన్నవన్నీ కాలేజీ పిల్లల తలలే. ఈసారి కూలికి పోయేవాళ్ళవీ చేరాలి. గురజాలలో మా అమ్మ మిరప కోతలకు వెళ్ళే నన్ను చదివించింది. అందుకే అడిగి మరీ వచ్చాను.

మొదటిరోజు వచ్చిన ఇరవైమందీ ఆడవాళ్ళే. అందరి జుట్టుకూ నూనె. నూనె ఉంటే సిగ్నల్ రాదు. తలా ఒక చీటీ ఇచ్చాను: "తలంటుకుని మళ్ళీ రాగలరు."

మర్నాడు అందరూ వచ్చారు. జిడ్డు ఇంకా ఎక్కువైంది! వెనకే ఊరి ఏఎన్నెమ్ కృపామణి, చీటీ ఊపుకుంటూ.

"ఏంది టోపీ సారూ, తలంటుకోమని రాసింది మీరేనా?"

"అవునండీ."

"తలంటడమంటే ముందు నూనె పెట్టొద్దా? పాపం, ఉన్న నూనంతా పోసుకున్నారు. తలస్నానం అని రాయాల. డిగ్రీ చేశారా నిజంగా?"

నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే మా పరిశోధన నడిపే వందన మేడం ఫోన్.

"సందీప్, శనివారానికి నలభైమంది కాకపోతే ఆ ఊరు వదిలేద్దాం. మళ్ళీ కాలేజీలోనే చేసుకుందాం."

కృపామణి విన్నది. నవ్వు ఆగిపోయింది.

తెల్లారేసరికి సచివాలయం వెనక రాళ్ళపొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. ఆమె కుంకుడుకాయలు కొడుతోంది.

"చూస్తారేంది? బిందెలు మొయ్యండి!"

మోశాను. చేలకు పోయేముందే వరస కట్టారు. శనివారం మధ్యాహ్నానికి నలభై ఒక్క తలలు లెక్కకెక్కాయి.

నలభై రెండోది కృపామణిది. టోపీ తొడగబోతే వేళ్ళకు జిడ్డు.

"ఇదేందండీ?"

"మీ చీటీ ప్రకారం తలంటుకునే వచ్చా సారూ."

"రేపు నేను వెళ్ళిపోతున్నా కదా..."

"తెలుసు. అందుకే."

నా చీటీల్లో ఒకటి లాక్కుంది. "తలంటుకుని" కొట్టేసింది. పైన "సందీప్ గారు" అని రాసి, నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి అమ్మకు చదివి వినిపించాను.

"ఒరేయ్, ఆ పిల్ల రమ్మని రాసిస్తే ఇక్కడ కూర్చున్నావేందిరా?"

ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లో కుంకుడుకాయలు కొట్టేది నేనే.