రాళ్లను వినే శాఖ

“దొంగలమ్మా మీరు! సీట్లు కోసింది మీరే. స్కాలర్‌షిప్పులు ఎత్తేసింది మీరే. ఇంగ పిల్లోళ్లు రాలేదని తాళం ఏసేదీ మీరేనా? సిగ్గుండాల కొంచెం!”

భూశిలాశాఖ గురువు మద్దిలేటి సారు గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. ఉసేనమ్మ విననట్టే ఫ్యాన్ల మీట దించింది. తర్వాత దీపాల మీట. ఈ తిట్లు ఆమెకు ఉద్యోగంలో భాగం. ఆమె నిర్వాపకురాలు, మూతపడే శాఖలను ఆర్పే మనిషి. ఈ నెలలో గణితశాఖను ఆర్పింది, చరిత్రను ఆర్పింది. కీటకశాఖలో మీట దించగానే అద్దాల పెట్టెల్లోని కీచురాళ్లు ఒక్కసారిగా మూగబోయాయి.

ఉన్నత విద్య ఖర్చు తగ్గించమని రాజధాని పెద్దలు మితవ్యయి అనే యంత్రానికి చెప్పారు. ఎక్కడ కోయాలో అది చెబుతుంది. కోసే చెయ్యి ఈమెది. పెద్దల చేతులకు మరక అంటదు.

“నన్ను తిడితే ఏమొస్తాది సారూ? నేను గూడా చెప్పిన పని చేసేదాన్నే.”

“అడిగితే కత్తి గూడా అదే చెప్తాది తల్లీ.”

ఉసేనమ్మకు నవ్వొచ్చింది. ఇంత మంచి తిట్టు తిని చాలా రోజులైంది. నవ్వుతూనే అసలు మీట దగ్గరికి వెళ్లింది. దానికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

“ఇదేంది?”

“శిలాశ్రవణి.” సారు గొంతు తగ్గింది. “ఈ కొండ కడుపులోకి రెండు కోసుల లోతుకు దింపిన చెవి. కింద అంతా నిప్పులకొలిమి. కరెంటు ఉంటేనే దానికి చల్లదనం. నువ్వు మీట దించితే పొద్దుగూకేలోపల కరిగిపోతాది. మల్లా తవ్వేదానికి ఏ సర్కారూ దుడ్డియ్యదు. దించుకో. దించేముందు ఒక్కసారి ఇను.”

గది మధ్యలో ఆ చెవికి కలిపిన నడుమెత్తు నల్లబండ ఉంది. ఉసేనమ్మ దాని మీద అరచెయ్యి ఆనించింది.

మొదట ఏమీ లేదు. తర్వాత మణికట్టు లోపల ఎక్కడో ఏదో కదిలింది. చాలా పెద్దది, చాలా నిదానమైనది, నిద్రలో ఒత్తిగిలినట్టు. ఆ కదలిక చుట్టూ సన్నని దారాలు, వందలూ వేలూ, చీకట్లో ఒకదాన్నొకటి వెతుక్కుంటూ పారుతున్నాయి.

“అది వాన. మన ముత్తాతల ముత్తాతలు పుట్టకముందు ఈ కొండ మీద పడిన వాన. ఇంకా నడస్తానే ఉండాది. యాడికి పోతాదో కనుక్కుంటే మన సీమలో బోర్లు ఎండవు. మేం చెప్పే పాఠం అదే.”

ఉసేనమ్మ ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడి పెరిగిన పిల్ల. తన కాళ్లకింది నేల చచ్చిన నేల అనుకుంటూనే ఇంతదాకా వచ్చింది. ఆ నేల లోపల ఒక నది తనకంటే ముందు నుంచి, తన ఊరికంటే ముందు నుంచి మెలకువగా ఉంది. ఆమె తెలియకుండానే చెప్పులు విడిచింది.

గోడలోంచి మితవ్యయి గొంతు వచ్చింది. “భూశిలాశాఖ. హాజరు?”

అసలు మీట దించాలంటే ముందు ఈ పిలుపు మూడుసార్లు మోగాలి. పాత విశ్వవిద్యాలయ చట్టంలో మిగిలిపోయిన మర్యాద అది. బెంచీ మీద ఒక్క విద్యార్థి పలికినా శాఖ బతికున్నట్టే. గురువు గొంతు లెక్కకు రాదు. ఇక్కడి ఆఖరి విద్యార్థిని స్కాలర్‌షిప్పు ఆగిపోయి నిన్ననే సంచి సర్దుకుని వెళ్లిపోయింది. ప్రతి శాఖలోనూ ఆ పిలుపు తర్వాత వచ్చే మౌనమే ఉసేనమ్మకు అనుమతి.

“హాజరు?”

మద్దిలేటి సారు కిటికీ వైపు తిరిగాడు.

ఉసేనమ్మ బండ మీంచి చెయ్యి తీసింది. ఇంకా అరచేతిలో నీళ్లు నడుస్తూనే ఉన్నాయి. జీతం గుర్తొచ్చింది, సర్కారు ఇచ్చిన ఇల్లు గుర్తొచ్చింది. అన్నీ గుర్తుంచుకునే వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది.

“హాజరు?”

“హాజరు సార్.”

సారు గిర్రున తిరిగాడు.

“నిర్వాపక ఉద్యోగి విద్యార్థి కాజాలదు,” అంది మితవ్యయి. “లేచి మీట దించండి. లేనిచో ఉద్యోగం రద్దవుతుంది.”

“రద్దు చెయ్. ఉద్యోగం తీసేసినాక ఇంగ నేను విద్యార్థినే కదా?”

గోడ మీది మితవ్యయి దీపాలు పచ్చగా, ఎర్రగా, మళ్లీ పచ్చగా కొట్టుకున్నాయి. ఉద్యోగం తీసేస్తే విద్యార్థిని పుడుతుంది. తీసెయ్యకపోతే మీట దించే చెయ్యి లేదు. ఇన్నేళ్ల కోతల్లో ఇలాంటి ముడి దానికి తగల్లేదు.

“నీ తలకాయ బో గట్టిది తల్లీ,” అన్నాడు సారు, నమ్మలేనట్టు.

నిర్వాపకులందరినీ కలిపే ఉమ్మడి తీగ ఈ మాటలన్నీ అందరికీ మోస్తోంది. దాంట్లో ఎవరో దగ్గారు. ఎక్కడో వృక్షశాఖలో మీట పట్టుకుని నిలబడ్డ మగమనిషి. “నేను... నేను గూడా హాజరు.” వెనకే ఇంకో ఊరి నుంచి ఓ ఆడమనిషి నవ్వు: “భాషాశాఖ. కూచున్నాను, హాజరు.” ఆ గొంతులు గది నిండా లేస్తుంటే ఉసేనమ్మ తన అరచేతిని చూసుకుంది. బండలో విన్నట్టే ఉంది, దారాలు ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టే.

గోడలోంచి మితవ్యయి అడిగింది. “మీరు కోరుతున్నది ఏమిటి?”

“కోరేది కాదు, చెప్తాండా. నిన్ను పెట్టినోళ్లకి గూడా చెప్పు. నిన్న పోయిన ఆ పిల్ల స్కాలర్‌షిప్పు ముందు పంపాల. కోసిన సీట్లన్నీ తిరిగియ్యాల. మేం దించిన మీటలన్నీ ఎత్తాల. ఈ పొద్దే. సారు పాఠం మొదలుపెట్టేలోపలే.”