గేరు పడిన చప్పుడు

ఈ కథ నాకు చెప్పింది అందులోని మనిషే. అయినా, ఆమె చెప్పిందెంత, ఇన్నేళ్లలో నా బుర్ర కలుపుకున్నదెంత అని అడిగితే గట్టిగా చెప్పలేను. షెడ్డుకు రేకు తలుపని గుర్తు, చెక్క తలుపేమో. చప్పుడు మాత్రం మరిచిపోలేదు.

ఆ అద్దె ఇంటి వెనకున్న షెడ్డుకు ముందునుంచీ చెడ్డపేరే. అర్ధరాత్రి లోపల ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపిస్తుందనేవారు. ఆ దెయ్యానికి పని నేర్పినవాడెవడో గానీ, పగటిపూట వస్తే తన బోరింగు కూడా బాగుచేయించుకునేదాన్నని పక్కింటి పెద్దమ్మ నవ్వేది. నవ్వేదే గానీ, చీకటి పడ్డాక అటువైపు కిటికీ తెరిచేది కాదు.

ఆ ఇంట్లో ఉండేది ఒక దర్జీ, ఆమె భర్త. ప్రమాదంలో ఆయన ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఏడు నెలలు మంచం మీదున్నాక, ఒక గోదాములో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది. పన్నెండు కిలోమీటర్ల దూరం. సోమవారం చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. అటు బస్సు లేదు. ఉన్నదల్లా ఆ షెడ్డులోని ఆయన మోటారుసైకిలు. దాని గేరేమో ఎడమకాలితో వేయాల్సింది.

దాన్ని చేతికి మార్చే పూచీ తమది కాదని మెకానిక్కులు తప్పుకున్నారు. గుడ్డ కత్తిరించిన చేతులు ఇనుము కత్తిరించలేవా అనుకుంది ఆమె. రెండు పానాలు, ఒక సుత్తి, రంపం, ఆకురాయి... అంతే ఆమె సరంజామా. గేరు పెడల్ ఊడదీసింది. దాని చోట పాత మంచం కడ్డీని కోసి, చేతికందేలా ట్యాంకు పక్కగా లేపి బిగించింది. టేపుతో కొలిచి, సుద్దతో గీత గీసి, అచ్చం చొక్కాకు కొలతలు తీసినట్టే.

తెల్లారి చూస్తే... కడ్డీ నేలమీద ఉంది. పెడల్ మళ్లీ దాని చోటికి వచ్చి ఉంది.

మళ్లీ బిగించింది. మళ్లీ ఊడింది. మూడోసారి బోల్టుకు దారం చుట్టి ముడి వేసింది. పొద్దున దారం తెగలేదు — ముడి విప్పి, ఉండ చుట్టి, సీటు మీద పెట్టి ఉంది.

సంగతి చెబితే భర్త కప్పువైపు చూస్తూ, ఆ షెడ్డుకు ఇష్టం లేదేమో, వదిలెయ్యమన్నాడు.

ఆదివారం రాత్రి ఆమె షెడ్డులో టార్పాలిన్ వెనక నక్కి కూర్చుంది, చేతిలో కత్తెరతో. దెయ్యాన్ని కత్తెరతో ఏం చేయాలో ఆమెకే తెలియదు.

తలుపు కిర్రుమంది. ఏదో నేలమీద ఈడ్చుకుంటూ... ఆగుతూ... వస్తోంది. పానా తగిలిన చప్పుడు. ఎవరో ఓపిగ్గా విప్పుతున్నారు. ఓపిగ్గా బిగిస్తున్నారు. తర్వాత బండి తాళం తిరిగింది. మీటరులో న్యూట్రల్ పచ్చదీపం వెలిగింది.

ఆ వెలుతురులో... భర్త ముఖం.

ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలో ఆయన బండెక్కి కూర్చున్నాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. కుడికాలు నేలమీద ఉంది. ఎడమవైపు, మడిచి పిన్ను పెట్టిన పంట్లాం పెడల్‌కు జానెడు పైనే ఆగిపోయింది.

క్లచ్ నొక్కాడు.

టక్...

పచ్చదీపం ఆరిపోయింది.

ఆమె అక్కడున్నట్టు ముందే తెలిసినవాడిలా, చీకట్లోంచి గుసగుసగా అన్నాడు: "చూశావుగా... పడింది. కాలు రాత్రిళ్లు వస్తోందే. నువ్వు పెడల్ తీసేస్తే అది దేనిమీద ఆనుకుంటుంది?"

అవునంటే రేపు ఆ పెడల్‌తోనే రోడ్డెక్కుతాడు. కాదంటే ఇక మంచం దిగడు. ఏ జవాబుకూ ఆయన్ని కాపాడే శక్తి లేదు. తడుముకుని పానా తీసుకుంది. బండి పక్కన మోకాళ్లమీద కూర్చుంది. ఆయన ఆపలేదు. బోల్టు వదులైంది... పెడల్‌ను బయటికి లాగింది —

"మెల్లగా," అన్నాడాయన పళ్లబిగువున. "నొప్పి."

సోమవారం ఆయన చేతి గేరుతోనే పనికి వెళ్లాడు. ఇప్పటికీ వెళ్తున్నాడట.

ఆ పెడల్‌ను ఆమె ఎక్కడ దాచిందో కూడా నాకు చెప్పింది. అదొక్కటీ కావాలనే రాయకుండా వదిలేశాను. మీమీద అపనమ్మకం కాదు... ఆయనకు ఇలాంటి కథలు చదివే అలవాటుంది.