చల్లారని చద్దర్

ఇంకొంచెం దగ్గరికి రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. ముందుగా మార్కండేయ స్వామిని ఒక్కసారి మనసులో తలచుకుందాం. మీరూ తలచుకోండి, పోయేదేముంది.

సోలాపూర్ నీలం నగర్‌లో మగ్గాలు ఆగేది దీపావళికే. మిగతా ఏడాదంతా పిల్లలు ఆ టకటకలోనే పుడతారు, చదువుకుంటారు, నిద్రపోతారు. చప్పుడు ఆగితేనే చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారంటే నమ్మండి. అట్లాంటి ఒక దీపావళి సెలవుల్లో, ఊళ్లున్నవాళ్లు ఊళ్లకు, చుట్టాలున్నవాళ్లు చుట్టాల ఇళ్లకు వెళ్లిపోయాక, ఆ గల్లీలో తాళం పడని గదులు రెండే మిగిలాయి. ఒకటి సుందరాబాయిది. ఇంకొకటి కాజల్‌ది.

కాజల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివే పిల్ల. అమ్మానాన్నలు మగ్గం పనికి భివండీ వెళ్లిపోతే, చదువు కోసం ఒక్కతే ఉండిపోయింది. ఒక్కతే వండుకుంటుంది, ఒక్కతే తింటుంది. కొన్ని రోజులైతే సాయంత్రం కూరగాయల బండి దగ్గర కొత్తిమీర అడిగేదాకా నోరు విప్పే పనే పడేది కాదు. అప్పుడు తన గొంతే తనకు కొత్తగా వినిపించేది.

ఆమె పరిశోధన మన ఇంటి వస్తువు మీదే. సోలాపూర్ చద్దర్ వేడిని ఎట్లా పట్టి ఉంచుతుంది, ఎంతసేపు ఉంచుతుంది... అదీ సంగతి. తోటి విద్యార్థి నిఖిల్ ఆటపట్టించేవాడు, అందరం చంద్రుని మీదికి పోతమని ఫిజిక్స్‌ల చేరితే నువ్వు దుప్పట్ల కాడనే ఆగినవని. నవ్వుకునేది. కానీ ఆ ఏడాది డిపార్ట్‌మెంట్ ఇచ్చే పరిశోధన అవార్డు ఆమెకు నవ్వులాట కాదు. అవార్డు వస్తే అక్కడే పరిశోధనకు సీటు. రాకపోతే భివండీ రైలు.

సెలవులకు ల్యాబ్ మూస్తారు కదా, అందుకని గైడు శ్రీధర్ సార్‌ను అడిగి సామాను ఇంటికే తెచ్చుకుంది. పలచటి గుడ్డ నిండా బొత్తాల్లాంటి సెన్సార్లు, వాటి తీగలు లాప్‌టాప్‌కు. మంచం మీద ఆ గుడ్డ, దాని మీద చద్దర్. ముందు మడతలో వేడినీళ్ల చెంబు పెట్టి అది చల్లారే తీరు చూడాలి. తర్వాత ఒక మనిషి కప్పుకుని పడుకోవాలి. ఆ మనిషి ఎవరనుకున్నారు? కాజలే. ఇంకెవరున్నారు?

కొత్త చద్దర్ల కొలతలు అయిపోయాయి. బాగా వాడిన పాతది ఒకటి కావాలి. మావశీ, అంటే పిన్నీ, అని తను పిలిచే పక్క గది సుందరాబాయిని అడిగితే ఆమె మారుమాట లేకుండా పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి ఇచ్చింది. తన పెద్ద యారాలు, అంటే తోడికోడలు, యల్లమ్మదట. ఒకప్పుడు గల్లీ పిల్లలందరూ యల్లమ్మ పక్కలోనే పడుకునేవాళ్లట. పక్కన ఒక పిల్లో పిల్లగాడో లేకుంటే ఆమెకు నిద్ర పట్టేది కాదట.

"పానం పోయిన్నాడు మాత్రం పక్కల ఎవ్వరు లేకుండిరి" అన్నది సుందరాబాయి. తర్వాత తొందరగా, "ఉంచుకో పోరీ, ఘాయి లేదు, నిమ్మళంగ ఇయ్యి" అన్నది. ఆ పూటే గది తాళం వేసి, అక్కల్‌కోట స్వామి దర్శనానికని బస్సెక్కింది.

చెంబు పెట్టింది కాజల్. లాప్‌టాప్‌లో గీత మామూలుగానే దిగింది... దిగింది... ఒకచోట ఆగింది. మిగతా చద్దర్లన్నీ గది చల్లదనానికి వచ్చి ఆగినవే. ఇది మనిషి ఒంటి వేడి దగ్గర ఆగింది. చెంబు తీసి చూస్తే అందులో నీళ్లు చల్లగా ఉన్నాయి. చద్దర్ వెచ్చగా ఉంది.

సెన్సార్లు పాడయ్యాయనుకుని తీగలు మార్చింది. చద్దర్‌ను దులిపి, గుమ్మంలో గాలికి ఆరేసి, మళ్లీ పరిచింది. ఈసారి చెంబు లేదు, ఏమీ లేదు. తెర మీద చల్లదనాన్ని చూపే నీలం రంగు పరుచుకుంది. మంచం బయటి అంచున మాత్రం ఎరుపు మెల్లగా పైకి తేలింది. తల... వంచిన వీపు... ముడిచిన మోకాళ్లు. పక్కకు తిరిగి పడుకున్న మనిషి ఆకారం. గోడ పక్కన సగం మంచం ఖాళీగా ఉంది. పిల్లను పడుకోబెట్టుకునే తల్లి వదిలే జాగా ఎంతో, అంత.

ఆలోచించండి అమ్మా, గుడ్డ వేడి పుట్టించదు. లోపలున్న వేడిని పోకుండా ఆపుతుంది, అంతే. ఆ సంగతి ఆ గల్లీలో అందరికంటే బాగా తెలిసిన పిల్ల కాజలే.

సార్‌కు ఫోన్ చేసింది. సెన్సార్లు కొన్ని పోయి ఉంటాయని ఆయన తేల్చేశారు. మనిషి రీడింగ్ ఒక్కటి సరిగ్గా తీసి పంపమన్నారు, పొద్దున కాగితాలు కమిటీకి వెళ్లిపోతాయన్నారు. ఇంకో పాత చద్దర్ తెద్దామంటే అన్ని తలుపులకూ తాళాలే.

పొద్దు వాలింది. తలుపు గొళ్లెం పెట్టి, స్వామి పేరు చెప్పుకుని, బయటి అంచును తాకకుండా గోడ పక్కకు చేరి పడుకుంది. చద్దర్ లాక్కుంది. గంజి వాసన. దాని వెనక మిశ్రీ వాసన, ముసలమ్మలు పళ్లకు రుద్దుకునే మాడిన పొగాకు పొడి వాసన. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

కాసేపటికి... రెండు ఊపిర్లు వినిపించాయి.

మంచం నులక కిర్రుమంది. ఆమె కదల్లేదు. వెనక నుంచి వెచ్చదనం వీపుకు తగిలింది. జారిన చద్దర్ అంచు దానంతట అదే పైకి వచ్చింది. భుజం మీదికి. మెడ కిందికి. ఎవరో సర్దినట్టు... మెత్తగా.

"చలా?"

గుసగుస. చెవి పక్కనే.

లేచి పరుగెత్తాలి. లేస్తే రీడింగ్ పోతుంది. రీడింగ్ పోతే అవార్డు పోతుంది. అదొక్కటే కారణమా? ఆ మాట ఆమెను ఎవరైనా అడిగి ఎంత కాలమైందో! అందుకే, తెలిసి తెలిసి...

"ఊఁ" అన్నది కాజల్.

తర్వాత ఆమెకు ఏమీ గుర్తు లేదు. ఎన్నో నెలల తర్వాత హాయిగా నిద్రపోయింది.

పొద్దున తెర చూసింది. బయటి అంచున ఎర్రటి ఆకారం రాత్రంతా అట్లాగే ఉంది. ఒక చెయ్యి మాత్రం చాచి ఉంది. ఆ చెయ్యి ఆగిన చోట, గోడ పక్కన, తను పడుకున్న చోట... నీలం. గోడ ఎంత చల్లగా ఉందో అంత నీలం.

చూస్తుండగానే సార్ ఫోన్. లాప్‌టాప్ నుంచి రీడింగ్ దానంతట అదే ఆయనకు చేరిపోయింది.

"శభాష్ కాజల్. ఇంత సాఫ్ రీడింగ్ నేను చూడలే. అయితే గా అంచుకు పండుకున్నవేంది, కింద పడుతవని భయం లేదా?"

తను పడుకున్నది అక్కడ కాదని చెప్పడానికి నోరు తెరిచింది. భివండీ రైలు గుర్తొచ్చింది. మూసుకుంది.

సెలవులు అయ్యాయి. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. అవార్డు కాజల్‌కే వచ్చింది, సీటూ వచ్చింది. డిపార్ట్‌మెంట్ హాల్లో చప్పట్లు కొట్టారు. కిందటేటి విజేత హర్షద శాలువా కప్పబోయి, వేళ్లు మెడకు తగలగానే మంచు ముట్టినట్టు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫొటోకు నిలబడ్డప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వారు.

ఈ కబురు ఎవరికైనా చెప్పుకోవాలని గబగబా ఇంటికొచ్చింది. పక్క గది తలుపు తీసి ఉంది. మడిచిన చద్దర్ చేత పట్టుకుని గుమ్మంలో నిలబడి, అవార్డు సంగతి, సీటు సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. సుందరాబాయి సంతోషించలేదు. చద్దర్ అందుకోనూ లేదు.

"ఏ పక్క పండుకున్నవ్ బిడ్డా?"

"గోడ పక్క, మావశీ."

ముసలామె గిరుక్కున తిరిగింది. లోపలికి వెళ్లి, మట్టి ప్రమిదలో నూనె పోసి, వత్తి వెలిగించుకుని వచ్చింది. ఆ పిల్ల మొహం వైపు చూడకుండా కాజల్ గదిలోకి నడిచింది. మంచం తలాపున, నేల మీద, పోయినవాళ్లకు పెట్టినట్టు వత్తిని దక్షిణం వైపు తిప్పి దీపం పెట్టింది. బయటికొచ్చి, గల్లీ నల్లా కింద కాళ్లు కడుక్కుని, తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.