పట్టుచీర మీద పచ్చటి వేలిముద్ర

"ఎవురు ముట్టినారు ఈ చీరని?"

నాయన కుళ్ళాయప్ప కేకకి వంటింట్లో సుమలత చేతిలోని పప్పుగుత్తి ఆగిపోయింది. మగ్గం గదిలోకి పరుగెత్తింది.

మీగడ రంగు పట్టుచీర. పొద్దున నేసిన భాగంలో, జరీ అంచు పక్కనే, పచ్చటి వేలిముద్ర జిడ్డుగా మెరుస్తోంది. సాయంత్రం హిందూపురం పెళ్ళివాళ్ళు వచ్చి తీసుకుపోవలసిన చీర అది.

"ముప్పై ఏండ్లుగా ధర్మవరంలో మగ్గం మీద ఉండా. నా చీర మీద మరక పడిందే లేదు. ఈ పొద్దు ఆ బటర్ ఫ్రూట్ బుట్ట ఇంట్లోకి వచ్చింది, ఈ పొద్దే మరక పడింది. తెచ్చినోడే పూసినాడు!"

తెచ్చినోడు వసారాలో, కుర్చీ అంచున, బటర్ ఫ్రూట్ అనే ఆ అవకాడోల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. పేరు కేశవ. పది గంటలకు పెనుకొండ నుంచి వచ్చి దిగాడు.

"నేను కుర్చీలోంచే లేవలేదు మామా."

"ఎవురికి మామ? ఇంకా కాలేదు. కాబోను కూడా!"

కేశవ వాళ్ళదీ ఒకప్పుడు నేతపనే. వాళ్ళ నాయన మగ్గం అమ్మి పెనుకొండ దగ్గర భూమి కొన్నాడు. అందులో మూడెకరాలకు కేశవ అవకాడో నాటాడు. ఏడాది కిందట హిందూపురం మార్కెట్లో సుమలత అతని బుట్టలోంచి ఒక కాయ తీసి నొక్కి చూసి నిలదీసింది.

"ఏమప్పా, రాళ్ళు పెట్టుకోని పండ్లని అమ్ముతాండావే?"

"నాలుగు దినాలు రాగుల డబ్బాలో పెట్టి చూడు. అప్పటికీ రాయే అయితే తెచ్చి నా నెత్తిన కొట్టు."

ఐదో రోజు సుమలత ఫోన్ చేసింది. కొట్టడానికి కాదు, ఇంకో కిలో కోసం. ఆ తర్వాత ఫోన్లు కిలోల సంగతి ఎప్పుడో దాటిపోయాయి.

కానీ కుళ్ళాయప్ప మాట ఒకటే. మగ్గం వదిలి, ఎవరూ తినని పండు పండించేవాడికి పిల్లనివ్వడు. అది సంగటిలోకి రాదు, చపాతీలోకి రాదు.

"వస్తాది," అంది సుమలత. "ఆదివారం మధ్యాన్నం నేను వండుతా. నువ్వు తిని, బాగలేదని చెప్పు నాయనా. ఇంక ఆయప్ప పేరెత్తను."

ఈ రోజే ఆ ఆదివారం.

"వంటా లేదు, గింటా లేదు. వాన్ని పొమ్మను," అన్నాడు కుళ్ళాయప్ప.

"వంట ఉండాది. మరక ఎవురిదో వడ్డించేలోపల తేలుస్తా. ఈయప్పదే అయితే నేనే బస్సెక్కిస్తా."

వసారాలో కేశవ బుట్టను కుర్చీ కిందికి తోశాడు.

సుమలత ముందు మొహానికి రాసుకునే పౌడర్ తెచ్చి మరక మీద దట్టంగా చల్లింది. పౌడర్ జిడ్డు పీల్చుకుంటుంది, పట్టు బతుకుతుంది. వంగి వాసన చూసింది. కళ్ళు చిన్నవి చేసింది.

"ఏలకుల వాసన!"

కుళ్ళాయప్ప గబుక్కున వెనక్కి జరిగాడు. భుజం మీద తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

వంటింట్లో అవ్వ ఉలిగమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. సుమలత పండును గింజ చుట్టూ కోసి, రెండు చెక్కలు చేసి, గుజ్జును స్పూనుతో తీసింది. నల్లబడకుండా నిమ్మకాయ పిండి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపింది. సగం గుజ్జు గోధుమపిండిలో వేసి, ఉప్పు, జీలకర్ర చేర్చి కలిపింది. చుక్క నూనె అక్కర్లేకుండానే పిండి వెన్నలా లొంగింది. మిగతా సగంలో నూరిన పచ్చిమిరప, ఉల్లిపాయ, కొత్తిమీర.

"పొయ్యి మీద పెట్టి తిరగవాత ఏద్దామా?"

"వద్దవ్వా, వేడి తగిల్తే చేదెక్కుతాది. తిరగవాత చల్లారినాక పైన పోస్తా. అది సరే, పొద్దున రాగుల డబ్బాలో మాగిన పండొకటి బెల్లం, ఏలకులు ఏసి ఎనిపి మూతపెట్టింటి కదా, యాడ?"

మూత తీసింది. గిన్నె తుడిచినట్టు ఖాళీ.

"నువ్వు తిన్నావా?"

"నాకేడ పెట్టినావే! అయినా నా మోకాళ్ళతో ఆ మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంతలోకి దిగితే, మళ్ళీ నన్ను లేపేకి క్రేన్ పిలిపించాల."

ఏలకులు పడింది పొద్దున గిన్నెలో మాత్రమే. కేశవ వచ్చింది పదికి, వంటింట్లోకి అడుగే పెట్టలేదు. అవ్వ గుంతలోకి దిగలేదు. ఇంట్లో ఇంక మిగిలింది...

అవ్వ నోరు తెరిచింది. సుమలత చటుక్కున ఆ నోరు మూసింది.

"చెప్పొద్దు. చేసినోళ్ళే చెప్పాల."

కిటికీలోంచి కేశవ గుసగుసగా పిలిచాడు. "సుమా, నేనే పూసినానని చెప్పేస్తా. గొడవ అయిపోతాది."

"చేయనిది ఒప్పుకునే మొగుడు నాకొద్దు."

"మొగుడు అన్నావు!"

"నోరు జారింది."

"వెనక్కి తీసుకుంటావా?"

"పెనం కాలిపోతాండాది, పో!" చెంపలు మాత్రం పెనం కంటే ముందే కాలాయి.

ఒంటిగంటకు నాలుగు కంచాలు పరిచింది. లేత పచ్చటి చపాతీలు, వేడి రాగి సంగటి, పక్కన బటర్ ఫ్రూట్ పచ్చడి. కుళ్ళాయప్ప గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నాయనా, మరక ఎవురిదో తెలిసింది."

"నాదే!" కేశవ లేచి నిలబడ్డాడు. "చెయ్యి తగిలింది మామా. తప్పు నాదే."

సుమలత గరిటె ఎత్తింది. "నిన్నడిగినానా?"

కుళ్ళాయప్ప అతని వైపు తిరిగాడు. "కుర్చీలోంచి లేవలేదంటివే?"

"అది అబద్ధం మామా."

"అది కాదబ్బా, ఇది అబద్ధం," అన్నాడు కుళ్ళాయప్ప.

సుమలత గరిటె దించింది. గుండె మాత్రం మగ్గంలా కొట్టుకుంటోంది. నాయన ఈ అబద్ధాన్ని అడ్డం పెట్టుకుంటే కేశవ మళ్ళీ ఈ గడప తొక్కలేడు.

"ఎవురు చేసినారో వాళ్ళు చెప్పేదాకా ఎవురికీ వడ్డించను," అంది.

కుళ్ళాయప్ప మెల్లగా వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చంకలోని తువ్వాలు తీసి నేల మీద పరిచాడు. దాని నిండా పచ్చటి చారలు.

"ఒక్క వేలితో నాకి చూద్దామనుకుంటి. బాగలేదని చెప్పేకి రుచి తెలియాల కదా," అన్నాడు తల వంచుకుని. "గిన్నె అడుగు కనపడేదాకా ఆగలేకపోతి. చెయ్యి తుడుచుకున్నా కదా అని మగ్గం మీద కూర్చుంటి."

అవ్వ కొంగుతో మూతి దాచుకుంది. కుళ్ళాయప్ప తల ఎత్తి, తన పక్కన ఉన్న పీట మీద అరచేత్తో కొట్టాడు.

"అల్లుడూ, ఈడ కూర్చో. సుమా, వడ్డించమ్మే. పండు తినింది, చీర మీద చెయ్యి పెట్టింది, ఈ ఇంటి దొంగ కుళ్ళాయప్పే!"