ఏడో బల్ల దగ్గర సున్నా

మెర్బాబు కొండ కింద ఉన్న ఆ కాలేజీలో, ఫిజిక్స్ లాబ్ చివరనున్న ఏడో బల్ల దగ్గరికి చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు.

పగలు మాత్రం సంబరంగా వెళ్తారని కాదు. ఆ బల్ల మీద చేసేది లోలకం ప్రయోగం. ఇనప స్టాండుకి మీటరు దారం, దారం చివర ఇత్తడి గుండు. పక్కకి లాగి వదలాలి, వెళ్లి వెనక్కొస్తే ఒక ఊపు. ఇరవై ఊపులకి ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూసి, దాన్నిబట్టి భూమి ఆకర్షణ విలువ లెక్కగట్టాలి. జీ అంటారు దాన్ని. ఎవరు చేసినా తొమ్మిదీ పాయింట్ ఎనిమిది దరిదాపుల్లో రావాలి. ఏడో బల్ల మీద మాత్రం ఏళ్ల తరబడి పదీ పాయింట్ ఎనిమిది వస్తోంది.

ఎందుకొస్తోందో ఎవరికీ అంతుబట్టలేదు. కాబట్టి దెయ్యమన్నారు.

డచ్చివాళ్ల కాలంలో అక్కడో మేష్టారు ఉండేవాడట. ఒక రాత్రి ఒంటరిగా ఊపులు లెక్కపెడుతూ పందొమ్మిది దగ్గర గుండె ఆగి పోయాడట. ఆ మిగిలిపోయిన ఒక్క ఊపు కోసం ఇప్పటికీ చీకట్లో లెక్కపెడుతూనే ఉన్నాడట... ఇరవై అనే మాట ఆయన నోటివెంట విన్నవాడు ఇల్లు చేరడని కూడా చెప్పేవారు. చేరకపోతే ఈ సంగతి వచ్చి ఎవరు చెప్పారని అడిగినవాళ్లు లేరు.

అందుకే పరీక్షల రోజుల్లో సాయంత్రం పూట ఆ బల్ల మీద ఒక గ్లాసుడు నల్ల కాఫీ, ఒక లవంగాల సిగరెట్టు, నాలుగు పూరేకులు పెట్టి దణ్ణం పెట్టుకునేవారు. తెల్లారేసరికి గ్లాసు ఖాళీ అయ్యేది. ఫిజిక్స్ చదివే పిల్లలకి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఆ దెయ్యాన్ని గిలాంగ్ నమ్మినంతగా ఇంకెవరూ నమ్మలేదు. ఇదంతా అతను తనే చెప్పి, అందరికన్నా ముందు తనే నవ్వే కథ.

గిలాంగ్ ఆ లోలకం పరీక్ష రెండుసార్లు తప్పాడు. మొదటిసారి నిజాయితీగా చేస్తే పదీ పాయింట్ ఎనిమిది వచ్చింది. దోషాలకు కారణాలు రాయమన్నచోట గాలి, చేతి ఆలస్యం, దారం సాగడం రాసి, నాలుగోదిగా 'భవనంలోని అదృశ్య శక్తి' అని రాశాడు. పరీక్ష పెట్టే బు ఎండాంగ్ మేడమ్ దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన పెద్ద సున్నా వేసింది.

రెండోసారి తెలివికి పోయి రీడింగులు వండేశాడు. జవాబు ముందు రాసుకుని, వెనక్కి లెక్కగట్టి, పది రీడింగులూ అచ్చు గుద్దినట్టు ఒకేలా రాశాడు. మేడమ్ కాగితం చూసి, "మీ లోలకానికి ఉన్నంత నిలకడ మీకుంటే బాగుండేది," అంది.

ఇక మిగిలింది మూడోసారి. అది కూడా పోతే కాలేజీలోంచి పంపేస్తారు. ఇంటి దగ్గర వాళ్లమ్మ అప్పటికే వీధి వీధంతా మా వాడు సైన్సు మేష్టారు కాబోతున్నాడని చెప్పుకుంది. ఆ మాట తలుచుకుంటేనే అతనికి అన్నం సహించేది కాదు.

పరీక్షకి ముందు రోజు సాయంత్రం లాబ్ తాళాలు చూసే పాక్ తుకిమన్‌ని బతిమాలాడు. పాక్ అంటే అక్కడ అయ్యగారని. ముప్పై ఏళ్లుగా ఆ బల్లలు తుడుస్తున్న మనిషి. నెమ్మదైనవాడు, మాట తక్కువ.

"పాక్, ఒక్క గంట. దెయ్యం ఎంత కలుపుతోందో కొలుచుకుంటాను. రేపు జవాబులోంచి అంత తీసేస్తాను."

తుకిమన్ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎప్పుడూ మీరు కొలవడం మొదలుపెట్టే చోట..." అని ఏదో చెప్పబోయాడు.

"తెలుసు పాక్, కాఫీ పెట్టాకే మొదలుపెడతాం," అని గిలాంగ్ తాళంచెవి లాక్కున్నంత పని చేశాడు.

ధైర్యానికి తన క్లాసులోనే చదివే వెనింగ్‌ని తీసుకెళ్లాడు. వెనింగ్ లోలకంలో ఎప్పుడో పాసైంది. ఎలాగంటే చెప్పదు. వాచ్‌మన్ కంటపడకుండా లైట్లు వెయ్యలేదు. ఆమె ఫోన్ వెలుగు పట్టుకుంది. ఇతను స్టాండుని బల్ల అంచుకి పెట్టి మర గట్టిగా బిగించాడు. ఆ స్టాండు పాతది. గుండు వెనక్కి వచ్చిన ప్రతిసారీ కిర్రుమంటుంది.

"కానీ, తొందరగా," అంది వెనింగ్ గుసగుసగా.

గిలాంగ్ గుండు పక్కకి లాగాడు. వదులుతూనే వాచ్ నొక్కి, అందరూ అన్నట్టే అన్నాడు—

"ఒకటి."

చీకట్లోంచి, బీరువా వైపు నుంచి, ముసలి గొంతొకటి మెల్లగా అంది—

"సున్నా."

గిలాంగ్ గుండు పట్టుకుని ఆపేశాడు. "ఏమన్నావు?"

"నేనేం అన్లేదు. నువ్వే ఏదో అన్నావు."

"నేను ఒకటన్నాను."

"మరి..."

కొండ మీంచి దిగిన మంచు కిటికీ అద్దాలకి పట్టేసి ఉంది. భ్రమ అనుకున్నారు. భ్రమ అనుకోవడం కూడా ఒక రకం రీడింగు వండటమే అంటాడు గిలాంగ్ ఇప్పుడు.

మళ్లీ లాగాడు. వాచ్ మళ్లీ మొదటికి తెచ్చి, నొక్కుతూ వదిలాడు. "ఒకటి..."

"సున్నా."

వెనింగ్ కాలికి బుద్ధి చెప్పింది. ఫోనూ ఆమెతోనే వెళ్లిపోయింది, వెలుగూ వెళ్లిపోయింది. గిలాంగ్ కూడా ఒక్క గెంతు గెంతాడు— వెనకనుంచి ఎవరో జాకెట్ పట్టుకుని లాగారు.

పై ప్రాణాలు పైనే పోయాయి.

కిర్రు.

"ఒకటి," అంది గొంతు.

కదిలితే జాకెట్ బిగుస్తోంది. భయమేసినప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. గిలాంగ్ నోటికి మాత్రం అలవాటైన అంకెలే వచ్చాయి. అతను "మూడు" అంటే గొంతు "రెండు" అంటోంది. అతను "నాలుగు" అంటే అది "మూడు" అంటోంది. అతనికన్నా ఒకటి వెనగ్గా, తొందరేమీ లేకుండా, కిర్రుకి ఒకటి చొప్పున...

పది దాటింది. పదిహేను దాటింది.

"ఇరవై," అన్నాడు గిలాంగ్, ఏడుపు గొంతుతో. వాచ్ ఆపాల్సింది అక్కడే. వేలు కొయ్యబారిపోయి ఆపలేకపోయాడు.

"పందొమ్మిది."

మేష్టారి గుండె ఆగిన అంకె. ఇక ఒక్క ఊపు. ఇంటికి చేరనివ్వని మాట. గుండు అవతలికి వెళ్లింది... ఇంకా రావడం లేదు... వస్తోంది...

కిర్రు.

"ఇరవై."

ఈసారి గొంతు చెవి పక్కనే ఉంది. గిలాంగ్ ఒళ్లంతా ముడుచుకుపోయింది, దాంతోపాటు వేలూ ముడుచుకుని వాచ్ నొక్కుకుంది. జాకెట్ సర్రున చిరిగింది. తలుపు ఎలా దాటాడో అతనికి తెలీదు.

అరగంట వెతికితే వెనింగ్ గేటు బయట బక్సో బండి దగ్గర దొరికింది. మాంసం ఉండల పులుసు రెండో గిన్నె తాగుతోంది.

"నన్ను దెయ్యానికి వదిలేసి తింటున్నావా?"

"భయమేస్తే నాకు ఆకలేస్తుంది. బతికే ఉన్నావుగా, కూర్చో."

కూర్చున్నాక చూసుకుంటే స్టాప్‌వాచ్ ఇంకా పిడికిట్లోనే ఉంది. నలభై సెకన్ల చిల్లర దగ్గర ఆగి ఉంది. ఎప్పుడూ ముప్పై ఎనిమిది చిల్లర వచ్చేది. ఏ దుర్బుద్ధి పుట్టిందో, బక్సో వాడి దగ్గర కాగితం అడిగి లెక్కగట్టాడు. తొమ్మిదీ పాయింట్ ఎనిమిది.

వెనింగ్ గిన్నె పక్కన పెట్టి కాగితం లాక్కుంది.

"ఒరే," అంది వెనింగ్, "గుండు వదిలేటప్పటికి ఎన్ని ఊపులు అయినట్టు?"

"ఒక్కటీ అవ్వలేదు."

"మరి ఒకటి అని ఎందుకంటాం?"

ఎందుకంటే చిన్నప్పట్నుంచీ ప్రతి శుక్రవారం పొద్దున్న బళ్లో వ్యాయామం చేయిస్తారు. ఒకటి అనగానే చెయ్యి లేవాలి. ఒకటో తరగతి నుంచి పన్నెండేళ్లు చేతులు ఎత్తీ ఎత్తీ, గుండు వదిలినా ఒకటే అంటారు. పందొమ్మిది ఊపులు చూసి ఇరవై అని రాసుకుంటారు. దాన్ని పెద్ద క్లాసులవాళ్లు చిన్న క్లాసులవాళ్లకి నేర్పుతారు. ఆ తప్పు మొత్తం తీసుకెళ్లి పాపం చచ్చిపోయిన మేష్టారి నెత్తిన పెట్టారు.

"దెయ్యానికి లెక్కలొచ్చు. మనకే రావు," అన్నాడు గిలాంగ్. అంత సిగ్గు అతనికి పరీక్ష తప్పినప్పుడు కూడా వెయ్యలేదు.

మర్నాడు గుండు వదులుతూ "సున్నా" అని గట్టిగా అనేసరికి లాబ్ మొత్తం తిరిగి చూసింది. జవాబు తొమ్మిదీ పాయింట్ ఏడు తొమ్మిది వచ్చింది. బు ఎండాంగ్ మేడమ్ కాగితం రెండుసార్లు తిరగేసింది.

"దోషాల్లో అదృశ్య శక్తి కనపడ్డం లేదే?"

"లేదు మేడమ్. కనపడే శక్తే. నేనే."

ఆమె పెదవి బిగపట్టి సంతకం పెట్టింది. గిలాంగ్ అక్కడికక్కడే వాళ్లమ్మకి ఫోన్ చేద్దామనుకుని, ఏడుపొస్తుందేమోనని మెసేజ్ పెట్టాడు.

బయటికొస్తుంటే పాక్ తుకిమన్ వరండాలో తుడుస్తున్నాడు. జేబులోంచి జాకెట్ ముక్క తీసి చేతిలో పెట్టాడు.

"స్టాండు మర బిగించేటప్పుడు జాకెట్ కూడా కలిపి బిగించావు నాయనా. విప్పుదామని దగ్గరికొచ్చేలోపే చింపుకుని పోయావు."

గిలాంగ్ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరా పాక్? మరి ముందే చెప్పొచ్చుగా."

"ముప్పై ఏళ్లుగా చెప్తున్నాను. పగలు చెప్తే, 'పాక్, ఆ మూల ఇంకా తుడవలేదు' అంటారు. చీకట్లో చెప్తే పారిపోతారు. ఇరవై దాకా విన్నది నువ్వొక్కడివే. ధైర్యం గలవాడివి."

ఆ ధైర్యమంతా బిగించిన మర పుణ్యమని చెప్పడానికి గిలాంగ్‌కి మనసొప్పలేదు. "మరి కాఫీ?" అని అడిగాడు.

"తాగకపోతే మీరు నొచ్చుకుంటారని."

గిలాంగ్ వంగి ఆ ముసలాయన చెయ్యి నుదుటికి ఆనించుకున్నాడు. ఈ కాలేజీలో తనకి సరిగ్గా పాఠం చెప్పినవాడు ఈయనొక్కడే అనిపించింది, అది పైకే అన్నాడు కూడా. తుకిమన్ చీపురు వంక చూస్తూ నవ్వాడు.

మరుసటేడు తుకిమన్ పని మానేసి వొనోగిరిలో కూతురింటికి వెళ్లిపోయాడు. గిలాంగ్‌ని లాబ్‌లో సహాయకుడిగా పెట్టారు. సున్నా నుంచి లెక్కపెట్టండని మొదటి రోజే చెప్పాడు. పిల్లలు తలూపి, గుండు వదిలి, అందరూ కలిసి "ఒకటి" అన్నారు. రెండుసార్లు తప్పినవాడి మాట ఎవరు వింటారు?

దాంతో ఒక సాయంత్రం అతనే వెళ్లి బీరువా వెనక కూర్చున్నాడు. పక్కన పిల్లలు పెట్టిన కాఫీ. ఒకప్పుడు దెయ్యానికి జడిసి పరుగెత్తినవాడు ఇప్పుడు దెయ్యం ఉద్యోగానికి కుదిరానని తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాటి పరీక్షకి చేసి చూసుకుందామని ఒక పిల్ల వచ్చింది. గుండు లాగింది. వదిలింది. పాపం ఆ పిల్ల భయంతో లెక్క మొదలుపెట్టనే లేదు. గిలాంగ్ గొంతు సవరించుకుని, బరువుగా అన్నాడు—

"ఒకటి."

పన్నెండేళ్ల శుక్రవారాలు ఎక్కడికి పోతాయి? నాలిక కరుచుకునేలోపే, అతని వెనక, గోడకీ బీరువాకీ మధ్య మనిషి పట్టని సందులోంచి, మెల్లగా—

"సున్నా."

పిల్ల ఒక తలుపులోంచి పరుగెత్తింది. దెయ్యం ఇంకో తలుపులోంచి పరుగెత్తింది.

గేటు దాటాక వొనోగిరికి ఫోన్ చేశాడు. "పాక్, మీరు ఇవాళ కాలేజీకి గానీ వచ్చారా?"

"లేదు నాయనా, మనవరాలికి అన్నం పెడుతున్నాను. ఏం, మళ్లీ ఒకటి అన్నావా?"

గిలాంగ్ ఫోన్ చెవికి పెట్టుకునే లాబ్ వైపు తిరిగి చూశాడు.

"మూడో తరగతి చదివినవాణ్ణి," అన్నాడు తుకిమన్ అవతలనుంచి నింపాదిగా. "నాకు మాత్రం లెక్క ఎవరు నేర్పారనుకున్నావు?"