తుమ్మచెట్టు కల్లంలో ఫ్లాష్

ప్రత్తిపాడు నుంచి మా ఊరొచ్చే దారిలో, ఊరు ఇంకాస్త దూరం ఉందనగా ఎడంపక్క ఒక కల్లం ఉంది. దాని గట్టు మీద సగం మాడిన తుమ్మచెట్టు. ఆ కల్లంలో ఇప్పుడెవరూ మిరపకాయలు ఆరబోయరు. పొద్దుగూకితే అటు తల కూడా తిప్పరు.

కోతల రోజుల్లో మా వైపు చూడాలి. ఎటు చూసినా ఎర్రగా పరిచి ఉంటుంది. కల్లాలు చాలక జనం రోడ్డు మీద కూడా పోసుకుంటారు. ఆ ఒక్కటి మాత్రం ఖాళీగా, నల్లగా... పన్నూడిన చోటులాగా.

ఊరికే ఇస్తాం పోసుకోండన్నా ఎవరూ రారు.

ఎందుకంటే రాత్రిపూట అక్కడ ఫ్లాష్ పడుతుంది.

ఫోటో తీసేటప్పుడు ఫోన్లోంచి తెల్లగా కొడుతుందే — అది. చుట్టుపక్కల మనిషి జాడ ఉండదు. చీకట్లోంచి ఒక్కసారి కళ్ల మీద కొట్టి... ఆరిపోతుంది. తర్వాత ఏమీ వినపడదు. కీచురాళ్లు కూడా ఆగిపోతాయంటారు.

పాలుపోసే బాపయ్య గారికి పడింది. ఆయన బండి, క్యాన్లు, ఆయనా కలిసి కాలవలోకి పోయారు. పాలు పోయినందుకు కాదు ఆయన ఏడుపు. "నా ఫోటో తీసిందిరా... నా ఫోటో అదేం చేసుకుంటదిరా" అని జ్వరంలో ఒకటే కలవరింత.

"ఈయన మొహం ఫోటో తీసినందుకు పాపం అదే దడుచుకుని ఉంటది" అన్నారు ఆయన భార్య వెంకటరావమ్మ గారు.

నవ్వినవాళ్లు నవ్వారు. చీకటి పడ్డాక ఆ దారిన మాత్రం ఎవరూ పోలా.

అక్కడున్నది ఎవరో అందరికీ తెలుసు. మల్లేశ్వరి.

మల్లేశ్వరి కోటేష్ భార్య. మాతోపాటు కాయ కోతకొచ్చేది. వాళ్లకి ఒక్కతే కూతురు, అఖిల. కోత కూలి కూడబెట్టి మల్లేశ్వరి ఒక మంచి ఫోను కొనుక్కుంది. కొన్నకాడ్నుంచి ఆ పిల్లని ఫోటోలు తియ్యటమే పని. జడ వేస్తే ఫోటో. జడ ఊడదీస్తే ఫోటో. బడికి పోనని మారాం చేస్తే — "చూడండక్కా దీని వేషాలు" అని దానికో ఫోటో. "కదలమాక... ఇటు చూడు... అటు కాదే, ఇటు" అంటూ వంగి, కూర్చుని, ఒక్కోసారి బోర్లా పడుకుని తీసేది. చేలో అందరం నవ్వేవాళ్లం.

సాయంత్రం ఆటోలో ఇంటికి పోతా ఆ ఫోటోలన్నీ సర్దుతా ఉండేది. బడివి ఒకచోట, పండగవి ఒకచోట, కల్లంలో తీసినవి ఒకచోట. ఫోను నిండిపోయింది, కొన్ని తీసెయ్యమని ఫోను చెబితే ఏది తీసెయ్యాలో తోచేది కాదు. దీంట్లో బుగ్గన చుక్క బాగుంది, దీంట్లో గౌను బాగుంది అని జరుపుకుంటా పోయి, "రేపు చూద్దాంలే" అని మూసేసేది. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. ఒక్కటి తీసెయ్యలా.

"నువ్వూ ఒకటి దిగవే" అంటే, "ఈ చెమట మొహం ఎందుకక్కా. ఎప్పుడన్నా మంచి చీర కట్టుకున్నప్పుడు దిగుతాలే" అనేది.

పోయిన వేసవిలో ఒకరోజు సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లం నిండా ఎండిన కాయ. పట్టాలు కప్పుదామని అందరికంటే ముందు మల్లేశ్వరి పరిగెత్తింది. తుమ్మచెట్టు మీద పిడుగు పడింది.

మేము గట్టు మీదనే ఉన్నాం. ఇంక దాని గురించి నేను చెప్పలేను.

ఫోను ఆ పూట ఇంట్లో పిల్ల దగ్గరుంది. అందుకని ఫోను మిగిలింది.

పెద్దకర్మకి పటం కట్టించాలి గదా. కోటేష్ ఆ ఫోను పట్టుకుని ప్రత్తిపాడు స్టూడియోకి పోయాడు. స్టూడియో అతను పైకీ కిందకీ జరుపుతా చాలాసేపు వెతికాడంట. వేలల్లో ఉన్నాయి ఫోటోలు. అన్నీ పిల్లవే. కొన్ని కోటేష్‌వి. కొన్ని బర్రెదూడవి. మల్లేశ్వరిది ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్లి ఆల్బం ఏనాడో తుపానుకి తడిసి అట్టకట్టుకుపోయింది.

చివరికి ఆధార్ కార్డులో ఫోటోనే పెద్దది చేయించారు. ఆ కార్డుల్లో మనుషులు ఎట్టా ఉంటారో తెలిసిందేగా. స్టూడియో అతను పాపం బాగుచేద్దామని కంప్యూటర్లో మొహం తెలుపు చేశాడు. ఆకుపచ్చ పట్టుచీర కట్టాడు. మెళ్లో హారం వేశాడు.

పటం గోడకి పెట్టి దండ వేస్తుంటే అఖిల వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది.

"ఈమెవరు నాన్నా" అంది.

కోటేష్ బయటికి పోయి పొద్దుగూకేదాకా రాలేదు.

అర్ధాంతరంగా పోయింది. అందులోనూ పిల్ల మీద ప్రాణం. అట్టాంటి మనిషి అంత తేలిగ్గా పోదని చేలో మేమే అనుకున్నాం. తుమ్మచెట్టు కింద ఏడుపు వినపడిందని ఒకరన్నారు. తెల్లచీర కనపడిందని ఒకరన్నారు. మల్లేశ్వరికి తెల్లచీరే లేదు. అయినా కనపడింది. పెద్దవాళ్లు అనుకుంటే పిల్లలు ఊరుకుంటారా, బళ్లో వాళ్లకీ అదే మాట.

మళ్లీ కోతలు మొదలయ్యాయి. అప్పట్నుంచే... ఆ ఫ్లాష్.

బాపయ్య గారు కాలవలో పడ్డాక పెద్దమనుషులు కూర్చున్నారు. కనిగిరి అవతల నుంచి ఒకాయన్ని పిలిపించాలన్నారు. అమావాస్య నాడు ఆయన వచ్చి చెట్టుకి మేకులు దిగ్గొట్టి కట్టేస్తాడంట. కట్టేస్తే ఇంక పీడ పోయినట్టే. కోటేష్‌ని అడిగితే తల దించుకుని, "మీ ఇష్టమండీ" అన్నాడు.

ఆ పక్కనే అఖిల ఉంది. "కట్టేస్తే ఇంకెవరికీ కనపడదా" అని అడిగింది.

"కనపడదమ్మా. నువ్వేం భయపడమాక" అన్నారు వాళ్లు.

ఇక్కడ్నుంచి జరిగింది మా పక్కింటి సైదాబీ నాకు చెప్పింది. ఆమె మొగుడు ఇమాం హుస్సేన్‌కి ట్రాలీ ఆటో ఉంది. మమ్మల్ని కోతకి తీసుకుపోయి, తీసుకొచ్చేది ఆ ఆటోలోనే. ఊళ్లో కాయలు గుంటూరు మిర్చి యార్డులో దించి వస్తుంటాడు. అమావాస్య ముందురోజు యార్డులో బళ్లు బారుదీరి ఉండటంతో బాగా పొద్దుపోయింది. సైదాబీ ఫోను చేసింది.

"ఆ దారిన రావద్దు. చుట్టు తిరిగి రండి."

"చుట్టు తిరిగితే డీజిలు మీ నాన్న పోస్తాడా" అన్నాడంట.

అన్నాడే గానీ, ప్రత్తిపాడు దాటాక పక్కలకి చూడకుండా రోడ్డు మీదే కళ్లు పెట్టుకున్నాడంట. గాలి లేదు. రెండుపక్కలా ఆరబోసిన కాయ ఘాటు ముక్కుకి కొడుతోంది. కాపలా వాళ్లు కూడా ఆ దరిదాపుల్లో లేరు. ఆటో లైటు గుంతల మీద ఎగిరెగిరి పడుతోంది.

కల్లం దగ్గరకొచ్చింది. అక్కడ రోడ్డు కోసుకుపోయి ఉంటుంది. ఎంత తొందరున్నా ఆటో నెమ్మది చెయ్యక తప్పదు.

నెమ్మది చేశాడు...

తెల్లగా — కళ్లనిండా.

ఇమాం హుస్సేన్‌కి కాసేపు ఏమీ కనపడలేదు. బండి ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు. మళ్లీ స్టార్టు చేద్దామంటే తాళం ఎటు తిప్పాలో తోచలా. నోట్లో దువా ముందుది వెనక్కి, వెనకది ముందుకి వస్తోంది.

మళ్లీ పడింది. ఈసారి అతని మీద కాదు, చెట్టు మీద. మాడిన కొమ్మలు ఒక్క క్షణం ఎముకల్లాగా తెల్లబడ్డాయి. కింద... నేల మీద... జుట్టు విరబోసుకుని ఏదో కూర్చుని ఉంది.

చీకటి.

ఆ చీకట్లో గుసగుసగా ఒక మాట.

"కదలమాక... ఇటు చూడు... అటు కాదు, ఇటు..."

రోజూ ఆటోలో విన్న మాటలే. ఎవరివో అతనికి తెలుసు. పంచప్రాణాలూ పోయాయి.

"మల్లేశ్వరమ్మా... నీకు నేనేం అపకారం చెయ్యలా తల్లీ. రోజూ భద్రంగా తీసుకొచ్చి ఇంటికాడ దించా..."

తర్వాత అదే గుసగుస —

"అరవమాక మామా. పోయిద్ది."

ఆ 'మామా' అన్న పిలుపుకి అతనికి ప్రాణం లేచొచ్చింది. హ్యాండిలు తిప్పితే లైటు కల్లంలోకి పడింది. మట్టిలో అఖిల కూర్చుని ఉంది. రెండు చేతులా ఫోను పట్టుకుని. జుట్టు ఎగిరిపోతా ఉంది. జడ వేసేవాళ్లెవరు ఆ పిల్లకి.

అతను దిగి దగ్గరకి పోయాడు.

"ఏందమ్మా ఇది... ఈ పొద్దప్పుడు ఇక్కడేం చేస్తన్నావే."

"అమ్మ ఫోటో తీస్తన్నా."

అతను చెట్టు వంక చూడలేదంట. చూసే ధైర్యం లేదు.

"మా క్లాసోళ్లు చెప్పారు మామా. కళ్లకి కనపడనోళ్లు కూడా ఫోటోలో పడతారంట. వాళ్లు వీడియోలో చూశారంట. అమ్మ ఇక్కడే ఉందని మీరందరూ అన్నారుగా."

ఆ మాట చెప్పేటప్పుడు సైదాబీ ఆగిపోయింది. "అన్నాం గదా అక్కా, మనమందరం" అంది.

"ఇంట్లో తెలిస్తే తంతారు గదమ్మా."

"నానమ్మకి వినపడదు. నాన్న కాపలాకి పోయినప్పుడు వస్తా."

"భయమెయ్యదా నీకు."

"అమ్మేగా."

ఇమాం హుస్సేన్ గొంతుక్కూర్చున్నాడు. ఆ పిల్ల ఫోను అతనికి చూపించింది. అన్నీ ఒకచోట సర్దిపెట్టి, పైన 'అమ్మ' అని రాసుకుంది. ఒకటి జరిపితే నలుపు. ఇంకోటి జరిపితే నలుపు. ఎంత జరిపినా చీకటి, చీకట్లో కొమ్మలు.

"ఇదిగో, ఇక్కడ తెల్లగా ఉంది చూడు మామా. ఇది చెయ్యేమో. ఇది చూడు... ఇక్కడ వంగినట్టు లేదూ? అమ్మ అట్టానే వంగేది ఫోటో తీసేటప్పుడు."

అది దుమ్ము. ఫ్లాష్‌కి మెరిసిన దుమ్ము. ఆ పిల్ల వేలు దాని చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది, చెరిగిపోతుందేమో అన్నట్టు.

"అవునమ్మా. వంగినట్టే ఉంది" అన్నాడంట.

"మొహం మాత్రం పడట్లా. రేపు కట్టేస్తారంటగా మామా. ఇవాళ పడకపోతే ఇంక పడదు."

ఆ పిల్లని మాటల్లో పెట్టి ఇంటికి తీసుకుపోదామని, "ఏదీ, మీ అమ్మ తీసిన ఫోటోలు చూపియ్యి. నీ చిన్నప్పటివి. మా ఆటోలో తీసినవి ఉండాలే" అంటా మొత్తం ఫోటోల్లోకి పోయి పైకి జరిపాడు. నలుపే. ఇంకా పైకి. నలుపే.

"ఏవమ్మా అవి?"

పిల్ల ఫోను తన వైపుకి తిప్పుకుంది.

"అఖిలా. మీ అమ్మ తీసినవి ఏవి?"

"ఫోను నిండిపోయింది మామా. కొత్తవి తియ్యనియ్యట్లా. కొన్ని తీసేశా. అయినా జాగా రాలా. తీసేసినవి చెత్తబుట్టలోకి పోతాయంట, అక్కడ కూడా తీసెయ్యాలంట. అక్కడ కూడా తీసేశాక వచ్చింది. అట్టా జాగా అయిపోయినప్పుడల్లా..."

"ఏవి తీసేశావు తల్లీ."

"నావి" అంది. "నావి ఎందుకు మామా. నేనున్నాగా."



ఈలోపు ఫోను మళ్లీ అదే అడిగింది, నిండిపోయింది, ఏదన్నా తీసెయ్యమని. ఆ పిల్ల అలవాటైనదానిలాగా కిందకి జరిపి ఒక ఫోటో మీద వేలు పెట్టింది. మిరపకాయల కుప్ప మీద కూర్చుని ఉంది అందులో. ముందుపళ్లు లేవు. నవ్వుతోంది. ఎదురుగా ఫోటో తీసేవాళ్ల వంకే చూస్తా నవ్వుతోంది.

అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. అది ఉండనీ."

చొక్కా జేబులోంచి తన ఫోను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "దీంట్లో తియ్యి. దీంట్లో బోలెడు జాగా ఉంది. ఎన్నైనా తియ్యి."

అఖిల రెండు చేతులా తీసుకుంది. చెట్టు వైపు పట్టింది. మళ్లీ దించింది.

"లైటు ఆపు మామా. వెలుగుంటే అమ్మ రాదేమో."

"మా ఆయన ఎంత పిరికోడో నీకు తెలియంది కాదు అక్కా" అంది సైదాబీ. "కరెంటు పోతే పక్క గదిలోకి కూడా ఒక్కడే పోడు."

లేచి వెళ్లి ఆటో లైటు ఆపేశాడంట. చీకట్లో తడుముకుంటా వచ్చి, ఆ పిల్ల పక్కన మట్టిలో కూర్చున్నాడంట.

"ఇప్పుడు తియ్యమ్మా" అన్నాడంట.