ఎవరు ఎంత అరిగారు

నందిగామలో ఆరు లారీలున్న తిరుపతిరావుకి కోడలి ఉద్యోగమంటే చులకన. పొద్దున్నే పేపరు మడిచి, ఆ ఉద్యోగం మీద నాలుగు మాటలు విసిరితేగానీ ఆయనకి తెల్లారినట్టుండదు. కృష్ణప్రియ ఇంట్లోంచే ఒక డేటా సెంటర్‌కి పనిచేస్తుంది. అక్కడ సమాచారం దాచే వేల ఫ్లాష్ డిస్కుల్లో ఏ పని దేనిమీద వేయాలో చూస్తుంది. "ఇంజనీరింగ్ చదివి సామాన్లు సర్దే పనా!" అంటాడాయన.

ఆ రోజు ఆయనకి మంచి సందు దొరికింది. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలకి రాయి తోలే తన డ్రైవర్లకి ఇంటి భోజనం పంపుతానని ఆయన ఊరంతా గొప్ప చెప్పుకుంటాడు. వండేది మాత్రం భార్య కమలాకుమారి. క్యారేజీలు సర్దుతూ ఆవిడ వంటింట్లో కూలబడింది. కుడిచెయ్యి పైకి లేవలేదు. భుజం పాడైంది, బరువులెత్తొద్దని డాక్టరు ఆర్నెల్ల కిందటే చెప్పాడు.

"అమ్మాయ్, రేపట్నించి ఆ కంప్యూటరు మూసేసి వంటింట్లోకి రా. హరికి కూడా చెప్పేశా," అన్నాడు తిరుపతిరావు. కొడుకు హరిచరణ్ ఫోన్లోకి తల దూర్చాడు. అతగాడికి అంతకన్నా చేతనైంది లేదు.

కృష్ణప్రియ అత్తగారి భుజం నొక్కుతూ తలెత్తింది. "లారీ టైర్లు ముందువి వెనక్కి ఎందుకు మార్పిస్తారు మావయ్యా?"

"ఇదో ప్రశ్నా! ఒకే చోట ఉంచితే కొన్ని ముందే పోతాయి. తిప్పి వేయిస్తే అన్నీ సమానంగా అరుగుతాయి, కొత్తవి కొనే ఖర్చు తగ్గుద్ది. నీకేం తెలుసు?"

"నా పనీ అదేనండి. ఫ్లాష్ డిస్కు మీద రాసేకొద్దీ అది అరుగుద్ది. బాగా పనిచేస్తోంది కదాని రాతంతా ఒకదాని మీదే వేస్తే అది ముందు పోద్ది. అందుకే ఏది ఎంత అరిగిందో రోజూ చూసి పని పంచుతాం."

"అయితే?"

"అత్తయ్య ముప్పై రెండేళ్లుగా అరుగుతుంటే ఎవరు చూశారండి? మెత్తనివాళ్లని చూస్తే మొత్తబుద్ధి! ఇప్పుడు ఆ చోట నన్ను బిగిస్తారా? నేను ఉద్యోగం మానను. పని అందరం పంచుకుందాం."

బయట డ్రైవరు శాంతయ్య హారన్ కొట్టాడు. కమలాకుమారి ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచింది.

"శాంతయ్యకి అల్సరండి, పచ్చడి పెట్టకూడదు. నేనే సర్దుతా."

పదేళ్లుగా తన బండి నడుపుతున్న మనిషికి అల్సరుందని తిరుపతిరావుకి తెలియదు. భార్య చెయ్యి పక్కన వేలాడుతుండటం కూడా అప్పుడే సరిగ్గా చూశాడు. సిగ్గేసింది.

"కూర్చో కమలా," అంటూ గరిటె అందుకున్నాడు. "ఎవరికేం పెట్టాలో చెప్పు. ఒరేయ్ హరీ, ఆ ఫోను పక్కనబెట్టి రా ఇటు."

కమలాకుమారి కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూర్చోమన్నందుకే ఆవిడ అంతలా ఏడుస్తుంటే, ఇన్నేళ్ల కాపురంలో ఆ ఒక్క మాట తనెప్పుడూ అనలేదని తిరుపతిరావుకి తెలిసొచ్చింది.